వేడిమీద లాగిన కాగితం

చొక్కాల మీద బొమ్మలు అంటించే హీట్ ప్రెస్ మూత లేపగానే సన్యాసిరావు కాగితం లాగేశాడు. బొమ్మ సగం చొక్కాకి అంటింది, సగం కాగితంతో వచ్చేసింది.

"చల్లారేక లాగమన్నానా!" అంది భార్య వనజాక్షి. "ఇంక ఒక్క బొమ్మే మిగిలింది. ఇదీ పాడైతే సెక్టర్ 4 బడివోళ్ళు మళ్ళీ ఆర్డరివ్వరు."

"నాకు చెప్తావేటే? ముప్ఫయ్యేళ్ళు ఉక్కు ఫ్యాక్టరీలో ఫర్నేసుకాడ పన్జేసినోణ్ణి!"

"అక్కడా ఇలాగే లాగేసేవోరా?"

"అక్కడ చల్లార్చడం తర్వాతి షిఫ్టోళ్ళ పని."

"ఇంట్లోనూ అంతే కదండీ. పిల్లల్ని బాదేసి డ్యూటీకెళ్ళిపోయేవోరు. ఏడుపు మాన్పించే షిఫ్టు నాది."

సన్యాసిరావు నవ్వబోయి ఆగిపోయాడు. ఆమె ఆఖరి చొక్కా నొక్కి, మూత లేపింది. కాగితం మీదికి పోయిన చెయ్యి అతను వెనక్కి తీసుకున్నాడు.

"ఇప్పుడు లాగొచ్చా?" అన్నాడు మెల్లిగా.

"ఇన్నేళ్ళకి అడిగేరు," అంది వనజాక్షి, కాగితం మీంచి చూపు తిప్పకుండా.