మీ అమ్మ ఏం చేస్తది?

“మళ్లీ అబద్ధమే!” క్రిస్టినా టీచర్ కర్ర స్కేలుతో బల్లను ఫట్‌మని కొట్టింది.

మమత ఉలిక్కిపడి రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకుంది.

టీచర్ స్కేలు కింద పడేసింది. “నిన్ను కొట్టలే బిడ్డా. చేతులు దించు.”

హైదరాబాద్‌లో మమత చేరాలనుకున్న కాలేజీకి మార్కులొక్కటే చాలవు. ‘నీ గురించి చెప్పు’ అని అడుగుతారు. సకల జనుల సమ్మెతో వాయిదా పడ్డ ఆ ఇంటర్వ్యూ ఎల్లుండి ఉంది. సీటు రాకపోతే శ్రీరాంపూర్ బావతో పెళ్లి చేస్తానని నాయనమ్మ సమ్మవ్వ తేల్చేసింది. ఆ బావ మొదటి పెళ్లాం ఒంటినిండా వాతలతో పారిపోయింది.

గోదావరిఖనిలో ఇంటర్వ్యూలకు తర్ఫీదిచ్చేది క్రిస్టినా టీచరే. ఎక్కడ చదివిందో ఎవరికీ తెలియదు. రెండేళ్ల కిందట వచ్చి చర్చి వెనక గదిలో దిగింది. నెత్తిమీద కొంగు తీయదు. ఎవరు మాట్లాడినా కుడి చెవి ముందుకు పెట్టి వింటుంది.

“మీ నాయన?”

“బొగ్గుబాయిల పైకప్పు కూలి సచ్చిపోయిండు.”

“అమ్మ?”

“ఆ ఫికర్‌తోనే సచ్చిపోయింది.”

“ఎవరు నేర్పిండ్రు?”

“నాయనమ్మ. గిట్ల చెప్తె జాలిపడి సీటిస్తరట.”

“కాలనీల ప్రతి పిల్ల నోట్లె గీ పైకప్పే కూలుతది. కాలేజోళ్లు విని విని ఆవలిస్తరు. నీ ముచ్చట చెప్పు.”

మమత పళ్లు బిగించింది. “నాయన తాగొచ్చి అమ్మను గొడ్డును బాదినట్టు బాదెటోడు. బెల్టుతోని.”

“ల్యాంపు బ్యాటరీ తగిలించుకునే బెల్టు. ఇనుప బకిల్ దిక్కుతోని,” టీచర్ సరిదిద్దింది.

మమత తలెత్తి టీచర్ వైపు చూసింది.

“నాకప్పుడు నాలుగేండ్లు. ఓనాడు అమ్మ ఎడమ చెవిల నుంచి నెత్తురు కారింది. నేను మంచం కింద దాక్కుంటే, నాయన కాలు వట్టి గుంజి గోడకేసి కొట్టబోయిండు. అమ్మ రోకలెత్తింది. ఒక్క దెబ్బ కాదు టీచర్. ఆయన కదలకున్నా కొట్టింది.”

“తర్వాత?”

“పోలీసులు తీస్కపోయిండ్రు. జీపెక్కేటప్పుడు నా దిక్కు సూడనన్న సూడలే.”

“చూస్తే ఎక్కకపోవునేమో.”

“జైల్ల నుంచి ఇడిసిపెట్టిండ్రట. నా కోసం రాలే.”

టీచర్ కొంగును ఎడమ చెంప మీదికి లాక్కుంది. గొంతు సవరించుకుని, కుర్చీలో నిటారుగా కూర్చుంది.

“ఇగ ఇంటర్వ్యూల లెక్కనే అడుగుత. జవాబు జల్ది రావాలె. నిజమే చెప్పాలె.”

“నిజమే చెప్త.”

“మీ అమ్మ ఇప్పుడు ఏం చేస్తున్నది?”

మమత ఆమె కళ్లలోకి సూటిగా చూసింది.

“నన్ను ఇంటర్వ్యూ చేస్తున్నది.”