పెద్ద గొంతు

"ఇదేనయ్యా! దీని గొంతు విను," అంటూ ఏసుపాదం గోడకు ఆనించి ఉన్న పెద్ద డప్పు ఎత్తి అరచేత్తో చరిచాడు. కొట్టం ముందు గింజలేరుకుంటున్న కోళ్ళు చెల్లాచెదురైపోయాయి.

తండ్రి చిట్టియ్య ఉలిక్కిపడ్డాడు. "వద్దురా. మరీ పెద్ద గొంతు." చూరుకు వేలాడుతున్న చిన్న డప్పు దించి, చెవి దగ్గర పెట్టుకుని వేలితో మీటాడు. "ఇది తీసుకో. పల్చటి మేకతోలు. పక్కనోడి మాట మింగెయ్యదు."

"రాజమహేంద్రవరం దాకా వచ్చి జల్లెడ కొనుక్కెళ్ళమంటావా?"

డప్పులు కట్టే వెంకన్న పకపకా నవ్వాడు. "ఏంటి మావా, నువ్వేనా ఈ మాటనేది? కడియం జాతరలో నువ్వు కొడితే..."

"పాత మాటలెందుకు వెంకన్నా," అని చిట్టియ్య మొహం తిప్పుకున్నాడు. వెంకన్న నవ్వు ఆపేశాడు.

ఏసుపాదానికి ఒళ్ళు మండింది. పాలెంలో మిషను బడికి అతనే పంతులు. డప్పు మోత క్రైస్తవులకు తగదని పాత దొరగారు అనేవారు. కొత్తగా వచ్చిన దొరగారు క్రిస్మసు ఊరేగింపుకు పెట్టుకోమన్నారు. తానే నేర్చుకుని వాయిస్తానని ఏసుపాదం సంఘంలో అందరి ముందూ మాటిచ్చాడు. ఒకప్పుడు తన తండ్రి చెయ్యి పడితే డప్పు మాట్లాడేదని చెప్పగా విన్నాడు. బాప్తిస్మం తీసుకుంటూ ఆ డప్పును గోదాట్లో పారేశాడని కూడా విన్నాడు. దొర కళ్ళెర్రజేస్తే కూడు పెట్టే విద్యను నీళ్ళపాలు చేసిన మనిషి, ఇప్పుడు బేరానికొచ్చి వంకలు పెడుతున్నాడు!

పెద్దదే కొన్నాడు. తిరుగు ప్రయాణంలో చిట్టియ్య, పడవ కుదుపుకు డప్పు మోగినప్పుడల్లా దాని తోలు మీద అరచెయ్యి ఆనించి, కాలవ నీళ్ళకేసి చూస్తూ కూర్చున్నాడు.

మొదట్లో ఏసుపాదం కొడితే తడిసిన గోనె మీద కొట్టినట్టుండేది. ఇరుగుపొరుగు నవ్వారు. ఒక సాయంత్రం చిట్టియ్య పిలవకుండానే వచ్చి గుప్పెడు గడ్డి అంటించాడు.

"తోలు చల్లబడితే పలకదు. సెగ చూపించు. దగ్గరకి పెట్టకు, కమిలిపోద్ది." డప్పు కొడుకు ఎడమ భుజానికి ఆనించి తాడు సరిచేశాడు. ఎడమచేతికి సన్నపు పుల్ల, కుడిచేతికి మోటు కర్ర ఇచ్చాడు. "భుజంతో కాదురా, మణికట్టుతో."

దెబ్బ ఖంగుమంది. ఏసుపాదం మొహం వెలిగిపోయింది. ఊపందుకున్నాడో లేదో, చిట్టియ్య అతని చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"ఆపు."

"ఏంటయ్యా?"

చిట్టియ్య తలవంచి చెవి రిక్కించాడు. కాసేపటికి చెయ్యి వదిలాడు. "ఏం లేదు. కొట్టు."

రోజూ ఇదే వరస. చెయ్యి పరుగందుకునే సమయానికి పట్టుకుని ఆపేవాడు. "మధ్యలో ఆగాలి. చెవికి ఖాళీ ఇవ్వాలి. ఆపటం రానోడు డప్పు ముట్టుకోకూడదు."

తనకు దక్కనిది కొడుక్కి దక్కుతోందని తండ్రికి కంటగింపు అనుకున్నాడు ఏసుపాదం.

క్రిస్మసు ఊరేగింపులో పాలెం పాలెమంతా కదిలింది. పిల్లలు గంతులేశారు, ముసలమ్మలు చప్పట్లు చరిచారు. ఏసుపాదం ఒళ్ళు మరిచి కొడుతున్నాడు. జనాన్ని తోసుకుంటూ వచ్చిన చిట్టియ్య అందరి ముందూ అతని మణికట్టు పట్టుకున్నాడు.

"ఆపరా! ఒక్క క్షణం ఆపు!"

ఏసుపాదం చెయ్యి విదిలించుకున్నాడు. "దొరకి భయపడి డప్పు గోదాట్లో పారేసిన పిరికోడివి! నువ్వా నాకు చెప్పేది?"

జనం గొల్లున నవ్వారు. చిట్టియ్య కొడుకు మొహంలోకి చూశాడు. తలపాగా సర్దుకుని పక్కకు తప్పుకున్నాడు.

మళ్ళీ డప్పు దగ్గరికి రాలేదు. ఏసుపాదం పేరు చుట్టుపక్కల పాలేలకు పాకింది. ఎక్కడ పండగైనా అతనికే పిలుపు. పాలెంలో డప్పు మోగితే మాత్రం చిట్టియ్య ఇంట్లో ఉండేవాడు కాదు. కాలవగట్టు మీద ఆ చివరి నుంచి ఈ చివరికి నడుస్తుండేవాడు. డప్పు ఆగాకే అన్నానికొచ్చేవాడు.

ఆ మాట అనకుండా ఉండాల్సిందని ఏసుపాదానికి చాలాసార్లు అనిపించింది. పండగ వెళ్ళాక చెబుదామనుకున్నాడు. కోతలయ్యాక అనుకున్నాడు. వానాకాలంలో చిట్టియ్య జ్వరంతో పడుకుని, మరి లేవలేదు.

పాతిపెట్టి వచ్చాక ఏసుపాదం తల్లి సూరమ్మ పక్కన కూలబడ్డాడు.

"అయ్యని పిరికోడన్నానమ్మా. ఒక్కసారైనా తప్పయిపోయిందని అనలేకపోయాను. కానీ దొరగారంటే మరీ అంత భయమా?"

సూరమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "దొరగారేంటిరా? దొరగారి మొహం చూడకముందే ఆయన డప్పు పారేశాడు. అప్పుడు మనం కడియంలో ఉండేవోళ్ళం. నీకు ముందొకడు పుట్టాడు నాకు. అప్పాజీ."

ఏసుపాదం తలెత్తాడు. ఆ పేరు ఎన్నడూ వినలేదు.

"ఇంట్లో ఆ పేరెత్తొద్దని ఒట్టేయించుకున్నాడు మీ అయ్య. జాతర రోజున పిల్లోడు కాలవలో పడిపోయాడు. అవతలి గట్టు నుంచి మా పక్కింటి పెద్దింట్లమ్మ చూసిందంట. 'అయ్యా, అయ్యా' అని పిలిచాడంట. ఈదటం రాదు దానికి. అదీ అరిచిందంట."

"మరి అయ్య? అయ్యెక్కడున్నాడమ్మా?"

"గట్టు మీదే ఉన్నాడురా, డప్పు కొడతా."