పండుకునే కూలి

అక్షిత అరుగు మీద కూర్చుని చేటలో బియ్యం చెరుగుతోంది.

గేటు దగ్గర ఒక అమ్మాయి వచ్చి నిలబడింది. ఎండకు వాడిన ముఖం, భుజాన పాత బ్యాగు.

"నర్సింగ్‌ల చేరేది నువ్వేనా చెల్లే?"

"నేనే. మీరు?"

"ఎస్తేరు. నిజామాబాద్‌ల బట్టల దుకాణంల పనిచేస్త. జర మాట్లాడాలె."

మాటలు విని లోపలి నుంచి అక్షిత తల్లి రత్నవ్వ వచ్చింది. పసుపు గోదాములో కొమ్ములు ఏరే కూలి ఆమెది. వెనకే ఆమె తమ్ముడు ఎంకటి. పక్కిల్లే అతనిది. బావ పోయినప్పటి నుంచి ఈ ఇంటి మంచీ చెడూ అతనే చూస్తున్నాడు.

"ఆర్మూర్‌ల గా నర్సింగ్ కాలేజీల చేరకు చెల్లే," అంది ఎస్తేరు, కూర్చోకుండానే. "నేను గా కాలేజీలనే చదివిన. ఒరిజినల్ సర్టిఫికెట్లు అసలే ఇయ్యకు. వాళ్ల బీరువల పడ్డయంటే, నడుమల మానేస్తనన్నా మూడేండ్ల ఫీజు కట్టేదాక ఇయ్యరు."

ఎంకటి నవ్వాడు. దుబాయి పంపిస్తామన్న ఏజెంటు చేతిలో మోసపోయిన మనిషి. ఇంటి ముందుకొచ్చి పని గురించో చదువు గురించో చెప్పే కొత్తవాళ్లంతా అతని లెక్కలో ఏజెంట్లే.

"ఏ కాలేజోళ్లు పంపిండ్రమ్మా నిన్ను?"

"ఎవ్వరు పంపలే అన్నా."

"మరి మా ఇల్లు నీకెట్ల ఎరుక? ఎవరు చెప్పిండ్రు?"

ఎస్తేరు తల వంచుకుంది.

"చూసినవా అక్కా? తమకు పిల్లలు దొరుకుతలేరని పక్క కాలేజీని బద్నాం చేస్తున్నరు. గల్ఫు ఏజెంట్లు గూడ గిట్లనే ఒకని మీద ఒకడు చెప్తుండిరి."

"జర ఆగు మామా," అంది అక్షిత. "అక్కా, చదివినంక నర్సు పనెందుకు చేస్తలేరు?"

"పోయిన. ఇంటర్వ్యూల పేషెంటుకు సెలైన్ సూది పెట్టుమన్నరు. నాకు చేతగాలే." ఎస్తేరు గొంతు తగ్గింది. "మాకు అన్ని బొమ్మ మీదనే నేర్పిండ్రు. గా కాలేజీ దవాఖానల పేషెంట్లే ఉండరు."

"నీకు చేతగాకపోతే కాలేజీ తప్పా? నిరుడు సర్కారు సార్లొచ్చి చూస్తే మంచాలన్ని నిండి ఉన్నయట. కాలేజీల సీట్లు చూసే స్వామి సారే చెప్పిండు. సార్ల కండ్లు అబద్ధమా, నీ మాట అబద్ధమా? సాక్ష్యం ఉన్నదా నీ తాన?"

ఎస్తేరు పెదవులు కదిలాయి. రత్నవ్వ వైపు చూసింది. చాలాసేపు చూసింది.

రత్నవ్వకు ఆ చూపు నచ్చలేదు.

"నా మొఖంల ఏమున్నది? పో తల్లీ. పిల్ల చదువుకుంటనంటే అడ్డం పడకు."

"సాక్ష్యం లేదమ్మా," అంది ఎస్తేరు.

మంచినీళ్లు కూడా అడగకుండా వెళ్లిపోయింది.

సాయంత్రం ఒరిజినల్స్ కవరు ఇవ్వడానికి అక్షిత వెనకాడింది.

"నాకెందుకో భయమైతుంది మామా."

"నేనున్న గదా, ఫికర్ చెయ్యకు. ఆలస్యమైతే సీటు పోతది."

ఎంకటి కవరు పట్టుకెళ్లి కాలేజీలో ఇచ్చాడు. వచ్చేటప్పుడు మేనకోడలికి జిలేబీ తెచ్చాడు.

మరునాడు పొద్దున్నే, ముగ్గురూ చాయ్ తాగుతుండగా గంగామణి వచ్చింది. గోదాములకు కూలీలను కుదిర్చేది ఆమే.

"రత్నవ్వా, రేపు పసుపు పని లేదు. పండుకునే కూలి ఉన్నది. వస్తవా?"

"పండుకునే కూలా!" ఎంకటి పగలబడి నవ్వాడు. "నేను గూడ వస్త. గురక పెడితే ఎక్కువిస్తరా?"

"రా, మొగోళ్లు గూడ గావాలె. దవాఖాన మంచం మీద దుప్పటి కప్పుకొని పండుడే. సార్లొచ్చి చూసి పోతరు. నిరుడు మీ అక్క వచ్చింది గదా, అడుగు."

అక్షిత గ్లాసు కింద పెట్టింది.

"ఏ దవాఖాన గంగామణత్తా?"

"గదే, నర్సు కాలేజోళ్లది. పేషెంట్లు కనవడకపోతే కాలేజీకి పర్మిషన్ ఇయ్యరట. టెంపో పొద్దుగాల్నే వస్తది, తయారుండుండ్రి."

గంగామణి పక్కింటికి నడిచింది.

"నువ్వు పోయినవా అక్కా?" అన్నాడు ఎంకటి.

రత్నవ్వ గోడకు ఆనుకుంది.

"కూలన్నరు, పోయిన. కాలేజీ ముచ్చట ఎవ్వరు చెప్పలే. కొమ్ములేరుమంటే ఏరుతం, పండుమంటే పండినం."

అక్షిత తల్లి పక్కకొచ్చి కూర్చుంది.

"మాస్కు కట్టుకున్న పిల్లొకతి వచ్చి నా చెయ్యి పట్టి నాడి చూసింది," అంది రత్నవ్వ మెల్లగా. "ఏం రోగమమ్మా అన్నది. రోగం లేదు బిడ్డా, కూలికొచ్చిన అన్న. కండ్లల్ల నీళ్లు తీసుకున్నది. మూడేండ్లల్ల నేను చెయ్యి పట్టి చూసిన మొదటి పేషెంటువు నువ్వే అన్నది."

"అమ్మా..."

"ఏడుస్తున్నది గదా అని ముచ్చట పెట్టిన. నా బిడ్డ గూడ వచ్చే ఏడు నర్సు చదువుతది అన్న. ఏ ఊరు, ఏ ఇల్లని అడిగితే చెప్పిన." రత్నవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నిన్న సాక్ష్యమడిగితే నా దిక్కు చూసి ఊకున్నది. నీ ముంగట నా పేరు తియ్యలే. మన ఇల్లు ఆమెకు చెప్పింది నేనే బిడ్డా."

ఎంకటి బండి తాళం తీసుకుని, అక్షిత కవరు వెనక్కి అడగడానికి కాలేజీకి బయలుదేరాడు.