సైరన్‌కు సంతకం

"డ్యామ్ గేట్లు ఎత్తేముందు సైరన్ వేయడానికి ఇకపై ఏ అధికారి సంతకమూ అక్కర్లేదు," అని నది బోర్డు కొత్త డైరెక్టరమ్మ సభలో ప్రకటించింది.

గేటు ఆపరేటర్ లేచాడు. "ఇప్పుడా తల్లీ కళ్లు తెరిచారు? పోయినేడు రేవు మెట్ల మీద ఎవరో కూర్చుని కనిపిస్తే, సైరన్ వేస్తానని ఆఫీసుకు మూడుసార్లు ఫోన్ చేశాను. 'ముందు కాగితం పంపు. జనాన్ని ఊరికే బెదరగొట్టకు' అన్నాడు ఆ మహానుభావుడు. కాగితం వెళ్లి వచ్చేలోపు కంట్రోల్ రూమ్ వాళ్లు గేట్లు ఎత్తేశారు, నీళ్లు రేవు మెట్లను ముంచేశాయి."

"ఎవరాయన?"

"ముందు వరసలోనే ఉన్నాడు. సిగ్గుంటే ఆయనే చెబుతాడు."

నేను లేచాను. సంతకం లేనిదే సైరన్ వేయకూడదని నిబంధన రాసింది కూడా నేనే.

ఆ మెట్ల మీద కూర్చున్నది నా భార్య. కలిసి ఇంటికి వెళ్దామని ఆ రోజు ముందే వచ్చిందట.