మల్బరీ బుట్ట మీద పోలీసు

"ఆపు!" బోర్లించిన మల్బరీ బుట్ట మీద కూర్చుని షిగే గట్టిగా అరిచింది.

గెంజో చేతిలోని కాగితాలు దించాడు. "మొగుణ్ణి పట్టుకుని 'ఆపు' అంటావా?"

"ఇప్పుడు నేను పోలీసుని కదండీ! మీరే కూర్చోబెట్టారుగా."

నిజమే. టోక్యోలో ఇంకా పార్లమెంటు కూడా లేని రోజులవి. రేపు ఊరి సభలో స్వేచ్ఛను గురించి గెంజో తొలి ఉపన్యాసం. ఉపన్యాసాల మీద నిఘాకు వేదిక మీదే కూర్చునే పోలీసుకు ఏ మాట నచ్చకపోయినా సభ అంతటితో సరి. అందుకే ఈ సాధన.

"'ప్రతి మనిషి మాటకూ విలువుంది' అన్నాను. అందులో అతనేం తప్పు పడతాడు?"

"అతను పట్టడు, నేను పట్టాను. మీ చదువు సంఘంలో చేరతానని మన మిత్సు మూడుసార్లు అడగబోయింది. ఒక్కసారైనా పూర్తిగా విన్నారా? మీకన్నా పోలీసే నయం, సగమైనా విని ఆపుతాడు."

గెంజోకు నవ్వొచ్చింది, ఆ నవ్వు పూర్తికాకుండానే సిగ్గుగా మారింది. పక్కగదిలో పట్టుపురుగులకు ఆకు వేస్తున్న కూతుర్ని పిలిచాడు.

"చెప్పమ్మా. ఈసారి వింటాను."

మిత్సు చేతులు తుడుచుకుంది. "మీ ఉపన్యాసం దొంగచాటుగా చదివేశాను నాన్నా. 'ప్రభుత్వం మనకు స్వేచ్ఛ ప్రసాదించాలి' అని రాశారు. పుట్టుకతో వచ్చినదాన్ని వాళ్లు ప్రసాదించడమేమిటి? అడ్డు తప్పుకుంటే చాలదూ?"

"అబ్బో! ఇక్కడ మాత్రం అసలు పోలీసే లేచి నిలబడతాడు," అంది షిగే సంబరంగా.

గెంజో కాగితం ముందుకు లాక్కున్నాడు. కుంచెను సిరాలో ముంచి ఆ వాక్యం కొట్టేశాడు. ఆ తడి ఆరకముందే సంఘం జాబితాలో కూతురి పేరు రాశాడు.

"కూర్చో తల్లీ," అన్నాడు, "రెండో పేజీ కూడా చూడు."