నడినెత్తి బొడిపె

"ఇది అది కాదు," అన్నాడు రౌనో, గార్త్ తెచ్చిన పుట్టగొడుగును కిటికీ వెలుతురులో తిప్పి చూసి.

"సరిగ్గా చూడవయ్యా. కాడ నొక్కితే నీలం తిరగడం లేదూ?"

"నీలం ఈ కులంలో అన్నిటికీ తిరుగుతుంది. అంచు చూడు, అలలు అలలుగా మడతపడింది. నాదానికి అంచు తిన్నగా ఉండేది. నడినెత్తిన బొడిపె ఉండేది. ఇది దాని పినతల్లి బిడ్డ, అంతే."

"నీ బొడిపె మండిపోనూ!" అన్నాడు గార్త్.

అమెరికాలో కొలంబియా నది సముద్రంలో కలిసే ఆ తీరంలో, పెరట్లో చెక్కపేళ్ల మీద మత్తు పుట్టగొడుగులు పెంచుకునేవాళ్లకు కొదవలేదు. ఒకరి పాదులోంచి ఒకరు పిడికెడు పట్టుకెళతారు. అడిగితే కాదనకూడదు. పట్టుకెళ్లినవాళ్లు తోచిన పేరు పెట్టుకుంటారు. ఒకామె అయితే తన చచ్చిపోయిన కుక్క పేరు పెట్టుకుంది.

అందుకే అసలు జాతి ఏదో తేల్చాల్సి వస్తే అందరూ రౌనో ఇంటికే వస్తారు. చేపల డబ్బాల ఫ్యాక్టరీలో చేసి దిగిపోయిన మనిషి. అన్నదమ్ముల్లా ఉండే జాతుల మధ్య తేడా గానీ, వాటి పక్కనే నంగనాచిలా మొలిచే విషపు గొడుగు గానీ అతని కన్నుగప్పి పోలేవు. అతను తేల్చాక ఇక మాట లేదు.

ఇప్పుడు అవసరం అతనిదే.

పక్కగదిలో అతని భార్య ఎల్మా ఉంది. క్యాన్సర్ తిరగబెట్టింది. ఆసుపత్రివాళ్లు చేతులెత్తేసి ఇంటికి పంపేశారు. నొప్పికి మందు ఉంది. భయానికే లేదు. చావంటే ఎల్మాకు చెప్పలేనంత భయం. కళ్లు మూస్తే ఎక్కడికో పడిపోతున్నట్టుంటుందని దీపం ఆర్పనిచ్చేది కాదు.

జబ్బు మొదటిసారి వచ్చినప్పుడు గార్త్ ఇచ్చిన పుట్టగొడుగు తిని పొద్దస్తమానం కేకలు పెట్టింది. కొన్నాళ్లకు రౌనో తన పెరట్లోది ఇచ్చాడు. ఇసుకదిబ్బల గడ్డిలో దొరికిన జాతి అది. ఆ సాయంత్రం ఎల్మా తనే లేచి దీపం ఆర్పింది. "భయపడ్డానికి ఏముందని అందులో?" అంది. ఆ ధైర్యం ఏళ్ల తరబడి నిలిచింది.

పోయిన చలికాలం పోటు తన్నుకొచ్చి ఉప్పునీళ్లలో ఆ పాదు కుళ్లిపోయింది. ఇసుకదిబ్బను సముద్రం కోసుకుపోయింది. మిగిలిందల్లా సీసా అడుగున గోరంత ఎండుముక్క. అది నాలుక మీద వేసుకోవడానికి కూడా చాలదు.

రౌనో తీరమంతా గాలించాడు. గార్త్‌ది అంచు తేడా. కుక్క పేరుదానికి కాడ పొట్టి. టపా పంచే అతనిది గొడుగు మరీ పల్చన. చర్చి వెనకింటాయనది రంగే వేరు. అన్నిటికీ ఒకటే మాట, "ఇది అది కాదు."

ఎల్మా అతని మణికట్టు పట్టుకుంది. "ఏదో ఒకటి ఇవ్వు రౌనో. పేరుతో నాకేం పని?"

"తప్పుది ఇస్తే మళ్లీ అవే కేకలు. నేను చూడలేను. వెతుకుతున్నాగా, కాస్త ఓపిక పట్టు."

"ఓపికకేం, బోలెడుంది. టైమే లేదు."

ఆ మాట గార్త్ విన్నాడు. వరండాలోకి వచ్చి రౌనో మీద విరుచుకుపడ్డాడు.

"తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లంటావు! పోర్ట్‌లాండ్‌లో లొరెయిన్ అని ఉంది. పుట్టగొడుగుల వంశం పట్టి చూసే యంత్రం కార్ల షెడ్డులో పెట్టుకుంది. అన్నిట్లోంచి ఒక్కో ముక్క పంపు, నీ సీసాలోది కూడా. నీదానికి ఏది దగ్గరో అదే చెబుతుంది."

"నా కళ్లకంటే యంత్రం ఎక్కువా?" అన్నాడు రౌనో. అన్నాడే గానీ, ఎల్మా ముఖం చూసి పంపించాడు. నాలుగిళ్లవీ, సీసాలోదీ వేరువేరు పొట్లాలు కట్టాడు. ఎవరివో చెబితే యంత్రం కూడా మొహమాటపడుతుందని పేర్లు రాయకుండా అంకెలు వేశాడు.

లొరెయిన్ దగ్గర వరస పెద్దది. ఈలోగా వానలు ముదిరాయి. ఎల్మా చలికాలం చూడలేదు. ఆఖరి ఘడియ దాకా దీపం వెలుగుతూనే ఉంది. "పడిపోతున్నాను, పట్టుకో" అంటూనే పోయింది. రౌనో పట్టుకునే ఉన్నాడు. ఏం లాభం? ఆ భయం ఆమె ముఖం మీద అలాగే మిగిలిపోయింది. పెట్టె మూసేముందు కూడా అతను ఆ ముఖం వైపు సరిగ్గా చూడలేకపోయాడు.

అంత్యక్రియలయ్యాక గార్త్ రై రొట్టె, పొగబెట్టిన సాల్మన్ చేప తీసుకొచ్చాడు. రౌనో ముట్టలేదు.

"ఊరుకో ముసలాడా. దొరికితే ఇవ్వకుండా ఉండేవాడివా? నీ తప్పేముంది?"

"ఏం లేదు," అన్నాడు రౌనో. "వేరే జాతిది పెట్టి మళ్లీ ఎల్మాని ఏడిపించలేదు. ఆ ఒక్కటైనా సరిగ్గా చేశాను."

అప్పుడే ఫోను మోగింది. లొరెయిన్.

"ఆలస్యమైపోయింది, ఏమీ అనుకోకండి. మీ పొట్లాల సంగతి తేలింది."

"ఇక వాటితో పని లేదమ్మా," అన్నాడు రౌనో.

అవతల ఆమె పకపకా నవ్వింది.

"నిజం చెప్పండి పెద్దాయనా, నా యంత్రాన్ని పరీక్షించాలనే కదా ఒకే పుట్టగొడుగును అయిదు ముక్కలు చేసి పంపించారు?"