కొబ్బరన్న అరచెయ్యి

“ఇయ్యేళ కూడా కెమెరా పాడైనాదంటే ఊరుకోను, కొబ్బరన్నా! అరచెయ్యి సూపించు. నేదంటే గ్రూపులోంచి తీసెయ్యడమే.”

వరండా మూల కుర్చీలో ఇయర్‌ఫోను పెట్టుకుని ముడుచుకు కూర్చున్న అప్పయ్యకు ముచ్చెమటలు పోశాయి. చెవిలో గర్జిస్తున్న గొంతు డురియన్‌ది. మలేసియాలోని సుంగై సిపుట్‌లో పంతులమ్మగా చేసి రిటైరైందని తప్ప, ఆవిడ అసలు పేరు ఎవరికీ తెలియదు. హెచ్‌ఐవీతో బతుకుతున్నవాళ్ళ గ్రూపు అది. అక్కడ అందరివీ పళ్ళ పేర్లే. మొహాలు చూపించరు. జబ్బు ఎలా వచ్చిందని ఎవరూ ఎవరినీ అడగరు. రోజూ సాయంత్రం వీడియో కాల్‌లో అరచేతిలో మాత్ర పెట్టి చూపించి, అందరూ కలిసి మింగి, ఆ తర్వాత తీరిగ్గా మోకాళ్ళ నొప్పుల గురించీ కోడళ్ళ గురించీ చెప్పుకుంటారు. ఇల్లు బాగన్ దాతుక్ కొబ్బరితోటల మధ్య ఉంది కాబట్టి అప్పయ్య కొబ్బరి అయ్యాడు.

“నా మీద అనుమానమా, అక్కా?”

“నీ మీదే. మనలో బయటోడు ఒకడు దూరినాడు. పోయినేడు ఇలాగే ఒకడు దూరి, రంబుటాన్ సంగతి ఆళ్ళూరి కొట్టుకాడ టాంటాం ఏసినాడు. పాపం, ఆ పిల్ల ఊరే మారిపోయినాది.”

“అంకుల్ ప్రశ్నలు కూడా తేడాగా ఉంటాయి మేడమ్,” అన్నాడు మామిడి. హైదరాబాద్ నుంచి కౌలాలంపూర్ వచ్చి కంప్యూటర్ ఉద్యోగం చేసుకుంటున్నాడతను. “మాత్రని పెరుగన్నంలో దాచెయ్యొచ్చా అంటారు. పాయసంలో కరిగిస్తే పనిచేస్తుందా అంటారు. అలిగిన రోజు మానేస్తే ఏమవుతుందట! మనలో ఎవరైనా ఇలా అడుగుతారా?”

“మాత్రంటే భయం నాయనా. సిన్నప్పట్నుంచీ ఇంతే.”

పైకి నవ్వాడు గానీ, గ్రూపు పోతే అప్పయ్యకు వేరే దిక్కు లేదు. వాంతి అయితే మళ్ళీ మింగాలా? రక్తపరీక్షలో వైరస్ కనబడలేదంటే ఇక మానెయ్యొచ్చా? మానకూడదని కోప్పడి మరీ చెప్పింది ఈ డురియనే. ఊళ్ళో ఎవరినైనా అడిగితే తెల్లారేసరికి తోట చివరి ఇంటిదాకా పాకిపోతుంది.

“ఒక్క నిమిషం అక్కా. మాత్ర తెచ్చుకుంటాను.”

పిల్లిలా వంటింట్లోకి నడిచాడు. సీసా ఎండుమిరపకాయల డబ్బాలో అడుగున ఉంది. పొయ్యి దగ్గర అతని భార్య అచ్చమ్మ వడలు వేయిస్తోంది.

“మళ్ళీ ఆ డబ్బా కాడికొచ్చినావేటయ్యా? ముందు నా వంట అవ్వనీ.”

“మిరపకాయ కోసం.”

“కడుపులో పుండు పెట్టుకుని మిరపకాయా? వరండాలో కూకుని ఎవరితోనయ్యా ఆ గుసగుసలు?”

“గుడి కమిటీ.”

“మన గుడి కమిటీ కొట్టుకుని ఇడిపోయి ఏడాదైనాది.”

“అందుకే మళ్ళీ కలుపుతున్నాను.”

“అబద్ధాలకోరు! నాతో మాటాడకు. నేనూ మాటాడను.”

అచ్చమ్మ విసురుగా పొయ్యివైపు తిరిగింది. ఆ సందులో మాత్ర అప్పయ్య గుప్పిట్లోకి చేరింది.

వరండాలోకొచ్చి కెమెరా పెట్టాడు. అరచేతిలో మాత్ర పెట్టి చూపించాడు.

“కొట్లో అమ్మే విటమిన్ మాత్ర కూడా ఇలాగే ఉంటాది,” డురియన్ కరగలేదు. “కొత్తలో ఈ మందుకి మనందరికీ పిచ్చికలలు వచ్చినాయి. నీకేటొచ్చినాది? ఆలోచించకుండా సెప్పు.”

“మేకక్కా!” అప్పయ్య తడుముకోలేదు. “టై కట్టుకున్న మేక. క్లాంగ్ పోయే బస్సు నడుపుతోంది. టిక్కెట్టు ఇమ్మంటే ఇవ్వదు. వడలు మాడ్చేసినావేటని బస్సంతా ఇనబడేలా తిట్టి, దారిలో దింపేసినాది.”

ఎవరో పొలమారేలా నవ్వారు. రంబుటాన్ అయితే కీచుమంది.

“ఇది కల్పించేది కాదు మేడమ్,” ఒప్పుకున్నాడు మామిడి.

“సరే. ఇక మింగు. మా ఎదురుగానే.”

అప్పయ్య చెయ్యి నోటిదాకా వెళ్ళి ఆగింది.

“ఏటన్నా ఆలోచన? మింగు!”

అప్పుడే వడల పళ్ళెంతో అచ్చమ్మ గుమ్మంలో నిలబడింది. అప్పయ్య ఠక్కున ఫోను బోర్లించి గుప్పిట బిగించాడు. మాట్లాడనని పంతం పట్టిన మనిషి కదా, ఆమె పెదవి విప్పలేదు. పళ్ళెం కిందపెట్టి, అతని పక్కన చతికిలబడి, వేళ్ళు ఒక్కొక్కటే విప్పదీసింది. అరచేతిలో మాత్ర బయటపడింది. ఆమె దానివంక చూసింది. అతనివంక చూసింది. దొరికిపోయిన దొంగలా అప్పయ్య తల దించుకున్నాడు.

గుటుక్కుమని చప్పుడైంది.

“మింగినాడు! నా సెవులారా ఇన్నాను!” ఇయర్‌ఫోనులో డురియన్ కేక పెట్టింది. “మనోడే! కొబ్బరన్న అచ్చంగా మనోడే!”

చప్పట్లు మోగాయి. మామిడి సిగ్గుపడుతూ క్షమించమన్నాడు. అనుమానించినందుకు రంబుటాన్ అందరినీ చడామడా తిట్టింది.

రోజూలాగే, తన మాత్ర మింగింది అచ్చమ్మ.